ఊపిరితోనే తెచ్చినాం

ఇసుక టిప్పర్ గుద్ది తల పగిలినవాడు పాలు పొరబోయి చచ్చాడని రాసిన డాక్టరు ఎవరో నాకు తెలియదు. ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని ఉంటాడు మహానుభావుడు. ఎప్పుడైనా ఎదురుపడితే మాత్రం నాలుగు దులిపేయాలని ఉంది.

నా పేరు ఆస్మా. మాది ప్రొద్దుటూరు. నేను చేసే పని చావుల గురించి అడగడం. దేశంలో కొన్ని ఊళ్లను ప్రభుత్వంవాళ్లు ఏరి పెట్టుకున్నారు. ఆ ఊళ్లలో ఎవరింట్లో ఎవరు పోయినా మాలాంటివాళ్లం వెళ్లి కూర్చుంటాం. ఎట్లా పోయారు, ముందు ఏమైంది, ఆ తర్వాత ఏమైంది అని ఇంటివాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకొస్తాం. దాన్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి, ఇది గుండెపోటు, ఇది పాముకాటు, ఇది రోడ్డు అని తేలుస్తారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టు, ఈ కాసిని ఊళ్ల చావులతోనే దేశం మొత్తం మీద లక్ష మందికి ఎంతమంది రోడ్ల మీద పోతున్నారో లెక్క కడతారు. పోలీసుల దగ్గర లెక్క లేదా అంటే ఉంది. కానీ అది కేసు కట్టినవాళ్ల లెక్క. డాక్టరు చేతులెత్తేశాక ఇంటికి మోసుకుపోయినవాళ్లు చాలామంది అందులోకి రారు.

ఆ తల పగిలినవాడి పేరు తిరుపాల్. అతని చావు దగ్గర మా డాక్టర్లిద్దరికీ పడలేదు. ఒకాయన రోడ్డు ప్రమాదమన్నాడు. ఇంకొకాయన పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఎవరికి వారు బిగుసుకుని కూర్చున్నారు. ఆ ఇంటికి మొదట వెళ్లిన మనిషేమో పని మానేసి బెంగళూరు పోయాడు. అందుకని మా సూపర్‌వైజర్ పద్మశ్రీ మేడం కడప నుంచి నాకు ఫోన్ చేసింది.

"ఆస్మా, నువ్వు మళ్లీ వెళ్లి సరిగ్గా కనుక్కుని రా. ఆ రోడ్డు మీద అన్ని బండ్లు తిరుగుతుంటే మన ఊళ్లలో రోడ్డు చావు ఒక్కటీ పడలేదేమని పైవాళ్లు అడుగుతున్నారు."

"పడటానికి అవేమన్నా మామిడికాయలా మేడం?" అన్నాను. నాది ఆ నోరు. ఆ నోటితోనే అత్తగారింట్లో ఇమడలేకపోయానని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

తిరుపాల్ ఊరు రాళ్లదిన్నె. జమ్మలమడుగు దాటి, పెన్న వంతెన దాటి, లోపలికి పోవాలి. ఎండలు మండిపోతున్నాయి. మా తమ్ముడు అక్రమ్‌ను ఆటో తీయమన్నాను. వాడిప్పుడు జమ్మలమడుగుకు షేర్ ఆటో తిప్పుతున్నాడు. అంతకుముందు ఒక ప్రైవేటు అంబులెన్సులో రోగి పక్కన కూర్చుని చూసుకునే పని చేసేవాడు. ఉన్నట్టుండి మానేశాడు. ఎందుకురా అంటే, "సరిపడల్యా ఆపా" అనేవాడు. అంతకుమించి నోరు విప్పేవాడు కాదు.

దారి పొడుగునా ఏదో ఒకటి వాగుతూనే ఉన్నవాడు పెన్న వంతెన ఎక్కేసరికి ఆగిపోయాడు.

"ఆపా, ఎవురింటికి అంటివి?"

"గొర్రెలోళ్లిల్లురా. తిరుపాల్ అని. పులివెందుల సంతలో పొట్టేళ్లమ్ముకోని బైకు మింద వస్తాంటే టిప్పర్ గుద్దింది. పోయినేడు."

వాడు ఆటో నెమ్మది చేశాడు.

"నేను పొలిమేర కాడ్నే నిలబడ్తా. నువ్వు నడిచిపో ఆపా."

"ఈ ఎండలో నన్ను నడిపిస్తావా? నీకేం పొయ్యేకాలమొచ్చిందిరా?" అని అరిచాను. వాడు ఇంటి ముందు దాకా తెచ్చి ఆపాడు. కానీ బండి దిగలేదు. తల వంచుకుని హ్యాండిల్ పట్టుకునే కూర్చున్నాడు.

ముళ్లకంప దడి, లోపల గొర్రెల దొడ్డి, పక్కనే రేకుల ఇల్లు. అరుగు మీద తిరుపాల్ తల్లి గురవమ్మ కూర్చుని ఉంది. బక్కపల్చటి మనిషే గానీ గొంతు గట్టిది. దొడ్డి దగ్గర ఐదేళ్ల పాప గొర్రెపిల్లతో ఆడుకుంటోంది. తాత కుళ్లాయప్ప పోయాక పుట్టిందని ఆయన పేరే పెట్టుకుని కుళ్లాయమ్మ అంటున్నారు. లోపలి నుంచి తిరుపాల్ భార్య భువనేశ్వరి గిన్నెలో సంగటి, పప్పు తెచ్చింది. తెచ్చి పాప దగ్గరికి పోలేదు. గిన్నెను అరుగు మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. అప్పుడు గురవమ్మ గిన్నె అందుకుని పాపను పిలిచి తన చేత్తో ముద్దలు పెట్టింది. పాప నమలడం భువనేశ్వరి అక్కణ్నుంచే చూస్తూ ఉంది.

నేను వచ్చిన పని చెప్పాను. "తిరుపాల్ ఎట్లా పోయినాడో మళ్లా ఒకసారి చెప్పవ్వా" అన్నాను.

"ఎన్నిసార్లు జెప్పల్ల? ఇదో, ఈమె పాలు పోసింది. పొరబోయి సచ్చినాడు" అంది గురవమ్మ, కోడలి వైపు చూడకుండానే. "అందుకే నా మనమరాలికి ఆ చేతి కూడు పెట్టనీను. వండితే వండనీ. పెట్టేది మాత్రం నేనే."

"టిప్పర్ గుద్దింది గదా అవ్వా? ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఆశ లేదనే గదా పంపినారు?"

"గుద్దితే? బతికే ఉండె గదా! ఊపిరితోనే తెచ్చినాం మ్మే వాన్ని. ఊరంతా సూసింది. ఊపిరితోనే పొలిమేర దాటినాడు, ఊపిరితోనే ఈ గడప దాటినాడు."

ఈ 'ఊపిరితోనే' అన్న మాట పది ఊళ్లలో విన్నదాన్నే నేను. అయినా అడిగాను, అడగడం నా పని కనుక. బయట పోయిన మనిషిని తమ వాళ్లు పొలిమేర దాటనివ్వరని గురవమ్మ చెప్పింది. అట్లాంటివాళ్లను ఊరి బయటే పూడ్చాలి. వాళ్లకు పెద్దల పక్కన చోటుండదు, పెద్దల పండక్కి పేరు పెట్టి పిలవడం కూడా ఉండదు. అందుకని ప్రాణం పోకముందే ఎట్లాగైనా ఇంటికి చేర్చుకుంటారు. చేర్చాక నలుగురి ముందర ఆఖరి పాలు పోస్తారు.

"నా కొడుకు వాళ్ల నాయిన పక్కన పండుకోనుండాడు. నాకది సాలు" అంది.

"ఆశ లేని మనిషి అవ్వా. ఆ పాలు పొయ్యకపోతే మాత్రం బతుకుతాండెనా?"

"ఏమో, ఎవరికెరుక? ఎవురి రాత ఎట్లుండాదో!"

నాకు ఒళ్లు మండింది. కానీ ఈ పనిలో ఇంటివాళ్లతో వాదులాడకూడదు. వాళ్లు చెప్పింది రాసుకోవాలంతే. ఇక భువనేశ్వరిని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టాను. "నీకు గుర్తుండేది నువ్వు చెప్పమ్మా" అన్నాను.

ఆ పిల్ల తల ఎత్తలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ చెప్పింది.

"నన్ను ముందే బస్సుకు పంపిరక్కా. ఇల్లు అలికి, సాప పరిచి పెట్టుకొమ్మనిరి. నేను అట్లే సేసినా. అంబులెన్సు వచ్చె. ఎత్తకొచ్చి పండబెట్టిరి. తలకంతా గుడ్డలు చుట్టినారు, మొగం గూడా సరిగ్గ అగపడల్యా. రొమ్ము లేస్తాంది, పడ్తాంది. అది సూసి బతికినాడనుకుంటి. అంబులెన్సాయన మూతి మింద సంచి తీసి అట్ల లేసె, అత్త వెంటనే ముంతతో పాలిచ్చి పొయ్యమనె. పోస్తిని. గొంతులో గురగురమనె. అంతే, రొమ్ము లెయ్యల్యా. మా అత్త 'పొరబోయెనే' అని అరిసె."

"పాలు లోపలికి పోయినాయా, బయటికి కారినాయా?"

"పక్కకు కారిపోయినాయక్కా. రోంత పోయిందేమో లోపలికి. నాకు తెల్దు. నేనే పోసినా. కాదనడంల్యా."

అప్పుడు తల ఎత్తి నా కళ్లలోకి చూసింది.

"అక్కా, ఈ కాయితాలు డాక్టర్లు సూస్తారంట గదా? నేను సంపినానో ల్యాదో వాళ్లనడిగి నాకు సెప్తావా? పాప నా పక్కనే పండుకుంటాది, నా మెడ కౌగిలించుకుంటాది. కానీ నా చేత్తో ముద్ద పెట్టబోతే నోరు మూసుకుంటాది. నా బిడ్డకు నేను రోంత బువ్వ పెట్టుకోవాలక్కా. ఊరోళ్లు ఏమనుకున్యా నాకొద్దు. డాక్టర్లు రాసిచ్చినారంటే మా అత్త యింటాది."

యా అల్లా, నేనేం చెప్పేది? డాక్టర్లు తేల్చింది ఇంటివాళ్లకు చెప్పడమనేది మా పనిలోనే లేదు. చనిపోయినవాడి పేరు కూడా అక్కడికి పోదు. ఒక నంబరు పోతుంది, ఆ నంబరు లక్షల్లో కలుస్తుంది. పైగా ఇద్దరిలో ఒక డాక్టరు ఈ పిల్ల పోసిన పాలనే రాసి కూర్చున్నాడు. ఆ మాట ఈమెతో ఏ నోటితో అనను?

అప్పుడు ఆటో దగ్గర చప్పుడైంది. అక్రమ్ దిగి దడి దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. అంతా విన్నాడని ముఖం చూడగానే తెలిసింది. గురవమ్మ వాణ్ని చూసింది. చూసి, ఎవరని అడగలేదు. పాప నోటి దగ్గరికి తీసుకుపోతున్న ముద్దను మళ్లీ గిన్నెలో పెట్టేసింది.

"అమ్మా" అన్నాడు అక్రమ్, భువనేశ్వరితో. "ఆ పొద్దు అంబులెన్సులో ఊపిరి సంచి నొక్కినోన్ని నేనే."

"ఒరే, నువ్వెందుకు దిగినావు?" అన్నాను నేను.

"గమ్మునుండు ఆపా. చెప్పనీ. మీ ఆయన ఈ ఇంటికాడ పోల్యామ్మా. పెన్న వంతెన ఎక్కకముందే పోయినాడు. నాడి సూసినా, అగపడల్యా. రొమ్ము మింద చెవి పెట్టి యిన్యా. ఎంతమందిని సూసినోన్ని, నాకు తెల్దా? సంచి వదిలేసి చేతులు తుడుసుకుంటాండా. అప్పుడు ఈ అవ్వ నా చేయి పట్టుకోని మళ్లా సంచి మింద పెట్టె. నొక్కు నాయనా, నొక్కతానే ఉండు అనె. తల్లి గదా, మనసు ఒప్పుకోలేదేమో అనుకుంటి. నొక్కినా. ఇంట్లో పండబెట్టిన్నాక గూడా నొక్కినా. సంచి నొక్కితే రొమ్ము లేస్తాది, వదిలితే పడ్తాది. సూసేటోళ్లకు అది ఊపిరే."

"మరి ఆ సప్పుడు?" అంది భువనేశ్వరి. "గురగురమనె గదన్నా?"

"నేను కొట్టిన గాలమ్మా అది. సంచి ఎత్తేస్తే లోపలుండే గాలి బయటికొస్తాది. పాలల్లోంచి వచ్చింది గాబట్టి గురగురమనింది. సంచి తీసి నేను ఎల్లిపోయినా. నువ్వు పాలు పోసింది గూడా నేను సూడల్యా. ఈ మాట నీ మింద పడ్తాదని నాకు తెల్దు తల్లీ."

భువనేశ్వరి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి అత్త ముందుకు పోయి నిలబడింది.

"అత్తా, నీకు తెల్సా?"

గురవమ్మ గిన్నెను పక్కకు జరిపింది. పాప ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"నీకు తెల్సా అని అడుగుతాండా."

"వాని కాళ్లు నా ఒళ్లోనే ఉండె" అంది గురవమ్మ. "కన్నదాన్ని. సల్లబడింది నాకు తెల్దా?"

"మరి నన్నెందుకు పొయ్యమంటివి?"

"నలుగురి ముందర పోవాల గదే! ఇంట్లో పోయినాడని ఊరు కండ్లారా సూడాల. ల్యాకపోతే నా బిడ్డను ఆ కంకర రోడ్డు పక్కన పూడ్సమందురు. నీ చేత్తో పాలు తాగి పోయినాడంటే ఎవురూ అడగరనుకుంటి. గురగురమనేతలికి నాకే బయమేసె. యాడ కనిపెడ్తారో అని పొరబోయెనే అని అరిస్తి. ఒకసారి నోట్లోంచి వచ్చిన్నాక యెట్ల యెనక్కి తీసుకునేది? ఊరు పట్టుకునె. నేనూ దాన్నే పట్టుకుంటి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీకు పడింది ఒక మాట. నా కొడుక్కు దొరికింది వాళ్ల నాయిన పక్కన మన్ను."

"మాటా?" అన్నాను నేను. ఇక ఆగలేకపోయాను. "ఏడాది పొద్దు కన్నతల్లి బిడ్డకు ముద్ద పెట్టుకోలేకపోతే అది ఒక మాటా? సరే, ఊరికి జెప్పినావు. ఇంట్లో, ఈ పసిదానికి గూడా అదే జెప్పల్లనా? నీ గుండె రాయా అవ్వా?"

"పిల్లోల్ల నోరు నిలస్తాదా అమ్మణ్ణీ? దానికి నిజం తెలిస్తే ఊరికి తెల్సినట్టే."

ఆ ముసలిదాన్ని చెంప మీద కొట్టాలనిపించింది, నిజం చెబుతున్నాను. అంతలోనే, పెన్న వంతెన నుంచి ఈ గడప దాకా కొడుకు శవం కాళ్లు ఒళ్లో పెట్టుకుని, ఏడుపు బయటికి రానివ్వకుండా కూర్చున్న తల్లి కళ్ల ముందు కనపడింది. జాలి వేసింది. జాలి వేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

గురవమ్మ నా చేతులు పట్టుకుంది. "ఇదంతా రాస్తావా మ్మే? తెలిస్తే వాన్ని తవ్వి బయటేస్తారు. నీకు దండం పెడ్తా."

"టిప్పర్ గుద్ది, రోడ్డు మింద పోయినాడని రాసుకుంటా. డాక్టర్లు చదువుతారు. ఈ ఊర్లో నేను ఎవురికీ జెప్పను. అది నా పని కాదు." అక్రమ్ వైపు చూశాను. వాడూ తల ఊపాడు.

భువనేశ్వరి మమ్మల్నెవర్నీ పట్టించుకోలేదు. "ఊరికి సెప్పొద్దులే అత్తా. నీ కొడుకును ఎవురూ తవ్వరు. నాకు నా బిడ్డ సాలు" అంది. కుండ దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ కడుక్కుంది. వచ్చి అరుగు మీద కూర్చుని గిన్నె ఒళ్లో పెట్టుకుంది. సంగటిలోంచి చిన్న ముద్ద తీసి పప్పులో అద్ది, "దామ్మా, కుళ్లాయీ" అంది.

పాప రాలేదు. రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఒక్క ముద్దమ్మా. మా బంగారు గదా. ఒక్కటి."

పాప తల అడ్డంగా ఊపి అవ్వ వెనక్కి పోయి దాక్కుంది. గురవమ్మ దాన్ని ముందుకు లాగింది. "తినమ్మా. మీయమ్మ చేయి మంచిదే. నేను జెప్తాండా గదా, తిను."

"నువ్వే అంటివి గదవ్వా" అంది పాప, వేళ్ల సందుల్లోంచి. "అమ్మ చేత్తో తింటే నాయిన మాదిరి సచ్చిపోతారని నువ్వే అంటివి."

"అబద్ధం జెప్పినా నాయనా. అవ్వ అబద్ధం జెప్పింది."

"ఊహూ. ఇప్పుడు జెప్తాండావు అబద్ధం."

భువనేశ్వరి చేతిలో ముద్ద అట్లాగే ఉంది. చేయి వెనక్కి తీసుకోలేదు. అక్రమ్ అటు తిరిగి నిలబడ్డాడు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. గురవమ్మ పాపను వదిలేసి కోడలి ముందు నేల మీద కూలబడింది.

"నాకు పెట్టు మ్మే" అంది. "నాకు పెట్టు, అది సూసి తింటాది."

భువనేశ్వరి ఒక క్షణం ఆమె ముఖంలోకి చూసి, ఆ ముద్ద అత్త నోట్లో పెట్టింది.

పాప కెవ్వుమని అరిచింది. నేను అన్ని చావు ఇళ్లు తిరిగినదాన్నే గానీ అట్లాంటి అరుపు వినలేదు. పరిగెత్తుకొచ్చి గురవమ్మ మీద పడి, "ఉమ్మెయ్యవ్వా, ఉమ్మెయ్! సచ్చిపోతావవ్వా, ఉమ్మెయ్!" అని ఏడుస్తూ, అవ్వ నోట్లో వేళ్లు పెట్టి ఆ ముద్దను బయటికి లాగసాగింది.